సంతకం ఒక్కటే సమ్మతి కాదు
చర్మం కింద అమర్చే గర్భనిరోధక సాధనాలపై పాత ప్రశ్నలే మళ్లీ

న్యూఢిల్లీ: గర్భనిరోధక మాత్ర సరిపడకపోతే మహిళ మరునాడే మానుకోవచ్చు. చర్మం కింద అమర్చిన సాధనాన్ని మాత్రం తనంత తానుగా తొలగించుకోలేదు. అందుకు శిక్షణ పొందిన వైద్యులు కావాలి. మూడేళ్లు పనిచేసే ఒంటి కడ్డీ సాధనాన్ని ఎంపిక చేసిన జిల్లాలలో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ప్రవేశపెట్టేందుకు 2023లో కేంద్ర ప్రభుత్వం పూనుకోవడంతో, మహిళల సమ్మతి అంశం తిరిగి చర్చకు వచ్చింది.

ఈ చర్చకు హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరుతో సంబంధం ఉంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌పై ప్రయోగం తలపెట్టారు. అది ప్రయోగమన్న సంగతి గానీ, దాని దుష్ఫలితాలు గానీ మహిళలకు తెలియజేయలేదని స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించింది. ఢిల్లీకి చెందిన సహేలీ తదితర సంస్థలతో కలిసి 1986లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. నెట్-ఎన్‌ను సామూహిక కార్యక్రమంలో ప్రవేశపెట్టబోమని ప్రభుత్వం తెలిపిన మీదట 2000లో ఆ కేసు ముగిసింది.

చేతి పైభాగంలో ఆరు సిలికోన్ గొట్టాలుగా అమర్చే నార్‌ప్లాంట్‌పైనా ఇవే అభ్యంతరాలు వెలువడ్డాయి. ఐదేళ్లు పనిచేసే ఈ సాధనాన్ని అమెరికా 1990లో అనుమతించింది. తొలగింపులో నొప్పి, ఇతర దుష్ఫలితాలపై అక్కడి మహిళలు వేల సంఖ్యలో కోర్టులకెక్కారు. 2002లో అక్కడ దాని విక్రయానికి స్వస్తి పలికారు. భారత వైద్య పరిశోధన మండలి మన దేశంలోనూ దీనిపై ప్రయోగాలు జరిపింది.

కాగా, సమ్మతి అంటే ఏమిటో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న స్పష్టం చేసింది. 1995లో పరీక్ష నిమిత్తం మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె తల్లి అంగీకారంతో గర్భసంచి, అండాశయాలు తొలగించిన ఢిల్లీ కేసు అది. పరీక్షకిచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు వర్తించదని, రోగి సమర్థురాలైనప్పుడు తల్లి అంగీకారం చెల్లదని న్యాయస్థానం పేర్కొంది. 25 వేల రూపాయల పరిహారం మంజూరు చేసింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, నిరాకరిస్తే కలిగే పర్యవసానాలు ముందుగా వివరించాలని నిర్దేశించింది.

ఈ సూత్రం ఢిల్లీ ముఖర్జీ నగర్‌లోని నర్సింగ్ హోముకైనా, పటాన్‌చెరులోని ప్రభుత్వ వైద్యశాలకైనా ఒక్కటే. చర్మం కింద కడ్డీ అమర్చేటప్పుడు మరో రెండు సంగతులు కూడా మహిళకు తెలియాలి. గడువు ముగిశాక, లేదా అంతకుముందే వద్దనుకుంటే, ఎక్కడ తీయించుకోవాలి? ఎవరు తీస్తారు? వీటికి సమాధానం దొరకని చోట సంతకం ఉన్నా సమ్మతి లేనట్లే.