మట్టం తప్పు చెప్పే స్క్రూ: టర్బో బూస్ట్‌పై అపోహలు – వాస్తవాలు

ఉయ్యూరులోనైనా, బెజవాడ ఆటోనగర్‌లోనైనా టర్బో కారు షెడ్డుకొచ్చిందంటే మాట రెండు విధాలే: బండి లాగడం లేదని ఒకటి, ఇంకాస్త లాగాలని మరొకటి. రెండింటికీ మందు ఒకటేనని, అది మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ అనే చిన్న ఇత్తడి స్క్రూలో ఉందని చాలామంది నమ్మకం. ఆ స్క్రూ చేసే పని తెలిస్తే నమ్మకం నిలవదు. ఎగ్జాస్ట్ గాలి టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఒత్తిడి హద్దు దాటకుండా కొంత ఎగ్జాస్ట్‌ను చక్రానికి తగలనీయక పక్కదారి పట్టించే తలుపే వేస్ట్‌గేట్. దాన్ని తెరిచేది యాక్చుయేటర్ అనే డబ్బా. అందులో ఒక పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. టర్బో నుంచి సన్నటి హోస్ తెచ్చే ఒత్తిడి స్ప్రింగును జయిస్తే తలుపు తెరుచుకుంటుంది. డెల్టా కాలువ మీద మట్టం చూసి తలుపులెత్తే లస్కర్ లాంటిదన్నమాట ఈ డబ్బా. ఆ సన్నటి హోస్ మధ్యలో బిగించే బూస్ట్ కంట్రోలర్ నీళ్ళు తెచ్చేది కాదు, లస్కర్‌కు మట్టం తక్కువ చేసి చెప్పేది. మిగతా అపోహలన్నీ ఈ ఒక్క సంగతి మరవడం వల్ల పుట్టినవే.

అపోహ: బూస్ట్ తగ్గిందంటే స్క్రూ బిగించాలి.

వాస్తవం: బూస్ట్ తగ్గడానికి మామూలు కారణాలు స్క్రూలో ఉండవు. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు వదులవడం, రబ్బరు పైపు లోపలివైపు చీలడం, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడిపోవడం, వేస్ట్‌గేట్ తలుపు మసిపట్టి పూర్తిగా మూసుకోకపోవడం, ఇవీ ముందు చూడాల్సినవి. పైపులో చీలిక ఉండగా స్క్రూ బిగిస్తే గేజ్‌లో అంకె ఒక్కోసారి సరిగ్గానే కనబడుతుంది. ఆ అంకెను నిలబెట్టడానికి టర్బో పడే పాటు మాత్రం గేజ్‌లో కనబడదు. చిన్న కార్ల టర్బోలు మామూలుగానే నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతాయి. కారిపోయే గాలిని పూడ్చడానికి అంతకన్నా వేగంగా తిరగాల్సి వస్తే ముందు అరిగేది బేరింగులే. గండి పూడ్చకుండా కాలువలోకి నీళ్ళు ఎక్కువ వదలడం లాంటి వైద్యమిది. ఇక మొదటి గేరులో బాగా లాగి, గేరు మార్చాక చప్పబడే బండిలో అనుమానించాల్సింది కంట్రోలర్‌నే, అయితే దాని బిగువును కాదు. బంతి, స్ప్రింగు ఉండే రకంలో ఒత్తిడి బయటికి పోవడానికి సూది మొనంత రంధ్రం ఉంటుంది. అది పూడితే యాక్చుయేటర్‌లో ఒత్తిడి చిక్కుకుపోయి వేస్ట్‌గేట్ తెరిచే ఉంటుంది. రంధ్రం శుభ్రం చేస్తే సరిపోయే చోట స్క్రూ ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

అపోహ: బూస్ట్ హద్దు దాటితే స్క్రూ వదులు చేస్తే చాలు.

వాస్తవం: స్క్రూ బూస్ట్‌ను పెంచగలదు కానీ, యాక్చుయేటర్ స్ప్రింగు హద్దు కన్నా దించలేదు. స్ప్రింగు అర బార్‌కు లొంగేదైతే స్క్రూ పూర్తిగా వదిలినా అర బార్ వస్తుంది. అంతకు మించి వస్తోందంటే కబురు లస్కర్‌కు చేరడం లేదు. ఇక్కడ గమనించాల్సిన తేడా ఒకటుంది. ఇంజిన్‌కు వెళ్ళే పెద్ద పైపు కారితే బూస్ట్ తగ్గుతుంది, యాక్చుయేటర్‌కు వెళ్ళే సన్నటి హోస్ కారితే పెరుగుతుంది. కంట్రోలర్‌ను తిరగేసి బిగించినా అంతే. గాలి బంతిని దాని గూటిలోకే నొక్కేస్తుంది, యాక్చుయేటర్‌కు కబురు అందదు, బూస్ట్‌కు పగ్గం ఉండదు. అందుకే దాని మీది బాణం గుర్తు చూడకుండా బిగించకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఇంజిన్ చుట్లతో పాటు బూస్ట్ మెల్లగా పైకి పాకుతూనే ఉందంటే, వేస్ట్‌గేట్ దారి వచ్చే ఎగ్జాస్ట్‌కు చాలడం లేదని అర్థం. తలుపు పూర్తిగా ఎత్తినా వరద తగ్గనప్పుడు లస్కర్‌ను తిట్టి లాభం లేదు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు: కంట్రోలర్‌ను తీసి పక్కనబెట్టి హోస్‌ను నేరుగా యాక్చుయేటర్‌కు కలపాలి, లేదా గేజ్ ఉన్న చేతిపంపుతో యాక్చుయేటర్‌లో ఒత్తిడి పెట్టి కడ్డీ ఎప్పుడు కదిలిందో, ఒత్తిడి నిలిచిందో లేదో చూడాలి. లోపం స్క్రూదా, స్ప్రింగుదా, తలుపుదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: గేజ్‌లో అంకె పెరిగిందంటే పవర్ పెరిగినట్టే.

వాస్తవం: గేజ్ చూపేది ఒత్తిడిని, ఇంజిన్‌కు కావలసింది గాలి బరువు. ఈ రెండింటి మధ్య వేడి ఉంది. డెల్టాలో 40 డిగ్రీల ఎండ కాసే రోజున టర్బో ఒక బార్ బూస్ట్ ఇస్తోందనుకుందాం. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైతే బయటికొచ్చే గాలి వేడి సుమారు 138 డిగ్రీలు. ఒత్తిడి రెట్టింపైనా గాలి బరువు ఒకటిన్నర రెట్లే అవుతుంది. మిగతా లాభాన్ని రాబట్టేది ఇంటర్‌కూలర్. దాని రెక్కల్లో మట్టి పేరుకుంటే స్క్రూ పెంచిన ప్రతి అంకె వెంట మరింత వేడి వస్తుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఆ వేడే ఇంధనం అదుపు తప్పి మండే నాకింగ్‌కు దారితీస్తుంది, అది పిస్టన్‌ను దెబ్బతీస్తుంది.

అపోహ: ఏ టర్బో బండికైనా ఈ స్క్రూ పనికొస్తుంది.

వాస్తవం: మన రోడ్ల మీద బాగా తిరిగిన 1,248 సీసీ మారుతీ డీజిల్ ఇంజిన్‌నే తీసుకోండి. స్విఫ్ట్‌లో 75 పీఎస్ ఇచ్చినప్పుడు దానికి వేస్ట్‌గేట్ ఉన్న మామూలు టర్బో ఉండేది. 2012లో వచ్చిన ఎర్టిగాలో అదే ఇంజిన్ 90 పీఎస్ ఇచ్చింది, కానీ ఆ టర్బో వేరు. అందులో వేస్ట్‌గేట్ బదులు కదిలే రెక్కలుంటాయి. అక్కడ ఈ స్క్రూకు చెప్పడానికి కబురూ లేదు, వినడానికి లస్కరూ లేడు. వేస్ట్‌గేట్ ఉన్న కొత్త బళ్ళలోనూ కంప్యూటర్ ఒత్తిడిని సెన్సర్‌తో విడిగా కొలుస్తుంది. యాక్చుయేటర్‌ను మోసగించినా సెన్సర్‌ను మోసగించలేం. కొలత హద్దు దాటితే పీ0234 కోడ్ నమోదై, చెక్ లైటు వెలిగి, బండి పవర్ తగ్గించుకునే లింప్ మోడ్‌లోకి పోతుంది. తక్కువైతే పీ0299. ఆ కోడ్ బూస్ట్ చాలడం లేదని చెబుతుందే కానీ టర్బో మార్చమని చెప్పదు.

‘బిగించాక బండి నిజంగానే ఎగిరింది కదా’ అని అడిగేవారుంటారు. అడగడంలో తప్పు లేదు. పాత పెట్రోలు టర్బో బళ్ళలో కొంతమేర అది నిజం కూడా. కానీ ఆ లాభం స్క్రూ ఇచ్చింది కాదు. ఎండకు, నాసి ఇంధనానికి, అరుగుదలకు తట్టుకోవాలని తయారీదారు దాచి ఉంచిన వెసులుబాటులోంచి తీసుకున్నది. డీజిల్‌లో ఆ లాభం ఇంకా తక్కువ. డీజిల్ ఎంత పోయాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది కాబట్టి, గాలి ఒక్కటే పెరిగితే పవర్ పెద్దగా పెరగదు. కనుక పికప్ తగ్గిన బండిలో ముందు పైపులు, ఆ తర్వాత సన్నటి హోస్, ఆపైన యాక్చుయేటర్, తలుపు చూడాలి. స్క్రూ వంతు చివరిది. మట్టం నిజంగా ఎంతుందో తెలియకముందే తప్పు మట్టం చెప్పడం మొదలుపెడితే, తర్వాత ఏ కొలతనూ నమ్మడానికి ఉండదు.