కర్తవ్యపథ్‌లో ఆ 74 దీపస్తంభాలు: పాతదాన్ని పాతదిగా నిలపడం ఎలా?

దిల్లీలో రాష్ట్రపతి భవన్ దిశ నుంచి ఇండియా గేట్ వరకు సాగే కర్తవ్యపథ్‌పై పొద్దుగుంకగానే వందల దీపాలు వెలుగుతాయి. వాటిలో చారిత్రకమైనవి 74 స్తంభాలే. సెంట్రల్ విస్టా పనుల్లో భాగంగా వీటిని బాగుచేసి, మెరుగుపరచి, తిరిగి నిలబెట్టారు. పక్కనే 900కు పైగా కొత్త స్తంభాలు వచ్చాయి. 2022 సెప్టెంబరు 8న ఈ మార్గాన్ని ప్రారంభించినప్పుడు అందరి దృష్టీ నేతాజీ విగ్రహంపైనే నిలిచింది. అది సహజమే. ఆ 28 అడుగుల విగ్రహాన్ని చెక్కిన 280 టన్నుల గ్రానైట్ శిల ఖమ్మం నుంచి 140 చక్రాల లారీపై 1,665 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చింది మరి. దీపాల మరమ్మతు కథ మాత్రం పెద్దగా ఎవరి చెవినా పడలేదు.

రాజధానిని కోల్‌కతా నుంచి దిల్లీకి మారుస్తున్నట్లు 1911 దర్బారులో ప్రకటించారు. లుట్యెన్స్, బేకర్‌ల రూపకల్పనలో నిర్మించిన కొత్త నగరం 1931లో ప్రారంభమైంది. నాటి కింగ్స్‌వే స్వాతంత్ర్యానంతరం రాజ్‌పథ్‌గా, 2022లో కర్తవ్యపథ్‌గా మారింది. ఆ నగరం లేస్తున్న కాలంలోనే దక్షిణ అండమాన్‌లోని ఒక ఊరికి నాటి చీఫ్ కమిషనర్ ఫెరార్ పేరు పెట్టారు. దిల్లీ దారి పేరు రెండుసార్లు మారినా, ఫెరార్గంజ్ పేరు అలాగే ఉండిపోయింది.

రాజమార్గంలో దీపస్తంభం పని రాత్రికే పరిమితం కాదు. సమాన దూరంలో, సమాన ఎత్తులో నిలిచిన స్తంభాల వరుస పగటిపూట చూపును దారి చివరనున్న కట్టడం వైపు నడిపిస్తుంది. ఒక స్తంభం కొద్దిగా వంగినా, ఒకచోట ఎత్తు మారినా దూరం నుంచే కంటికి తెలుస్తుంది. అందువల్ల పునరుద్ధరణలో మొదటి పని కొలతలు తీసుకోవడం. ప్రతి స్తంభానికి సంఖ్య వేసి, అది నిలిచిన చోటు నమోదు చేశాకే దానిని పెకలిస్తారు.

పంతొమ్మిదో శతాబ్దంలోను, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లోను వీధి దీపాలకు ఎక్కువగా వాడిన లోహం పోత ఇనుము. ఇసుక అచ్చులో పోస్తే ఎంతటి నగిషీ అయినా దిగుతుంది. అయితే అందులో కర్బనం రెండు నుంచి నాలుగు శాతం ఉంటుంది. అందువల్ల బరువును బాగా మోస్తుంది కాని, వాహనం తగిలితే వంగదు, పగులుతుంది. పగిలినదాన్ని మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే మళ్లీ చీలిక వస్తుంది. ముందుగా వేడిచేసి, నెమ్మదిగా చల్లార్చాలి. లేదా చీలికకు అడ్డంగా లోహపు కుట్లు వేయాలి.

విరిగిపోయిన భాగాన్ని కొత్తగా పోయడంలో ఒక చిక్కు ఉంది. కరిగిన ఇనుము చల్లారినప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది. పాత ముక్కనే నమూనాగా పెట్టి అచ్చు తీస్తే కొత్త ముక్క చిన్నదై, బిగింపు కుదరదు. అందుకే నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేయాలి. పొరలు పొరలుగా పేరుకున్న పాత రంగును గీకేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అట్టడుగు పొర అసలు రంగేమిటో చెబుతుంది కాబట్టి కొంత భాగాన్ని గీకకుండా ఉంచుతారు.

స్తంభాన్ని ఎక్కువగా చంపేది లోపల నిలిచే నీరు. అండమాన్, విశాఖ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి దానికి తోడవుతుంది. స్తంభం పైనుంచి చక్కగా కనిపించినా మట్టిలోని మొదలు తినివేసి ఉండవచ్చు. నీరు బయటికి పోయే దారి చూపకుండా పైన ఎంత రంగు వేసినా ఫలితం ఉండదు.

ఇక వెలుగు సంగతి. తంతువు బల్బు కాంతి రంగు సుమారు 2,700 కెల్విన్లు, అంటే వెచ్చని పసుపు. వీధుల్లో సాధారణంగా అమర్చే తెల్లని ఎల్‌ఈడీలు 4,000, అంతకు మించి ఉంటాయి. పాత స్తంభంపై తెల్లని ఎల్‌ఈడీ పెడితే విద్యుత్తు ఆదా అవుతుంది కాని, శిల రంగు వెలవెలబోతుంది. 2,700–3,000 కెల్విన్ల ఎల్‌ఈడీలు దొరుకుతున్నప్పుడు ఈ రాజీ అవసరం లేదు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లో గ్యాస్ దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చాలన్న ప్రతిపాదనకు అభ్యంతరాలు వచ్చింది ఇలాంటి విషయంపైనే.

కొత్తగా చేర్చినది పాతదానితో పొసగాలి, అయినా పాతదని భ్రమ కలిగించకూడదని 1964 నాటి వెనిస్ ఒడంబడిక చెబుతోంది. 74కు పక్కన 900కు పైగా నిలిచినచోట ఈ నియమం మరీ ముఖ్యం. దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. కొత్తగా పోసిన ప్రతి భాగం అడుగున, వంగి చూస్తేనే కనిపించేలా, పోతపోసిన సంవత్సరాన్ని అచ్చులోనే వేస్తారు.