బావి నుంచి తెర దాకా: ‘రింగు’ చిత్రం – దక్షిణ తెలంగాణ భయభావనల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

1998లో విడుదలైన జపాన్ చిత్రం ‘రింగు’ భయానక చిత్రాల చరిత్రలో ఒక మలుపు. వీడియో కాసెట్టే మృత్యువాహకంగా ఉన్న ఈ కథను ప్రపంచంలో అత్యధికులు ఇంట్లోనే, కాసెట్టు ద్వారానో డిస్కు ద్వారానో చూశారు. చూసే పద్ధతి, చూడబడే కథ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన అరుదైన సందర్భమిది. ఈ చిత్రం గురించి అభిమానులు తరచుగా చర్చించే మూడు ప్రశ్నలను భరతుని భయానకరస వివేచనతోను, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల జానపద విశ్వాసాలతోను, అక్కడి సామాజిక వాస్తవాలతోను అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇది పాఠపరిశీలన, క్షేత్రసర్వే కాదు.

కీలకపదాలు: భయానకరసం, సాధారణీకరణం, గృహవీడియో, జపాన్ సినిమా, ఎల్లమ్మ కథ, దిష్టి, బాణామతి, నల్లగొండ, మహబూబ్‌నగర్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో సినిమా అభిమానులపై జరిగిన పరిశోధన ఎక్కువగా థియేటరు చుట్టూ, అగ్రనటుల చుట్టూ తిరిగింది. చిరంజీవి అభిమానుల గురించి ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ప్రచురించిన ‘మెగాస్టార్’ గ్రంథం ఇందుకు ప్రామాణికమైన ఉదాహరణ. ఈల, కటౌటు, పాలాభిషేకం వంటివన్నీ బహిరంగ ప్రదర్శనలు. భయానక చిత్రాల అభిమాని పరిస్థితి వేరు. అతనికి కొలిచే కథానాయకుడు లేడు. అతని చర్చ నలుగురు మిత్రుల మధ్య, హాస్టలు గదిలో, ఇంటి ముందుగదిలో సాగుతుంది. ఆ చర్చకు పునాది వేసింది గృహవీడియో.

వి.హెచ్.ఎస్. పద్ధతిని 1976లో మార్కెట్లోకి తెచ్చినది జపాన్ సంస్థ జె.వి.సి. మన దేశంలో 1982 ఆసియా క్రీడల నాటి నుంచి రంగుల టెలివిజన్, దానితోపాటు వీడియో విస్తరించాయి. పట్టణాల్లో కాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు, పల్లెల్లో వీడియో ప్రదర్శనలు వచ్చాయి. వీడియో చిత్రాలను చట్టపరిధిలోకి తెస్తూ కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించవలసి వచ్చింది. హైదరాబాదులో వీడియో లైబ్రరీ నడిపిన రాంగోపాల్ వర్మ తరువాత ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996) చిత్రాలు తీయడం గమనార్హం. విదేశీ భయానక చిత్రాల వ్యాకరణం తెలుగు సినిమాలోకి ప్రవేశించిన దారుల్లో కాసెట్ల దుకాణం ఒకటి.

2. ‘రింగు’ – కథాసారం:

కోజి సుజుకి 1991లో రాసిన నవల ఆధారంగా హిదేఓ నకాతా ఈ చిత్రానికి దర్శకత్వం వహించాడు. ఒక కాసెట్టు చూసినవారు సరిగ్గా ఏడు రోజులకు మరణిస్తుంటారు. రేయికో అనే టెలివిజన్ విలేకరి ఈ మరణాలను పరిశోధిస్తూ తానూ ఆ కాసెట్టు చూస్తుంది. ఆమె మాజీ భర్త ర్యూజి, కొడుకు యోయిచి కూడా చూస్తారు. పరిశోధన సదాకో అనే అమ్మాయి దగ్గరకు చేరుతుంది. సదాకో తల్లి షిజుకోకు అతీంద్రియశక్తి ఉందని ఒక శాస్త్రజ్ఞుడు విలేకరుల ముందు ప్రదర్శన ఏర్పాటు చేస్తాడు. వారు ఆమెను మోసగత్తె అని నిందిస్తారు. ఆ అవమానం తరువాత ఆమె ప్రాణం తీసుకుంటుంది. సదాకోను ఆ శాస్త్రజ్ఞుడే కొట్టి బావిలో పడవేసి పైన మూత వేస్తాడు.

రేయికో బావిలోకి దిగి అస్థిపంజరాన్ని వెలికితీస్తుంది. శాపం తీరిందనుకుంటుంది. అయినా మరునాడు ర్యూజి మరణిస్తాడు. తాను ఎందుకు బతికిందో రేయికోకు అప్పుడు స్ఫురిస్తుంది: ఆమె ఆ కాసెట్టుకు నకలు తీసి ర్యూజికి చూపింది. కొడుకును కాపాడుకోవడానికి తన తండ్రి ఇంటికి బయలుదేరడంతో చిత్రం ముగుస్తుంది.

షిజుకో పాత్రకు చారిత్రక ఛాయ ఉంది. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయానికి చెందిన తొమోకిచి ఫుకురాయి 1910లో చిజుకో మిఫునే అనే స్త్రీ శక్తులపై ప్రయోగాలు చేశాడు. వాటిపై సందేహాలు, విమర్శలు చెలరేగాయి. ఆమె 1911లో ఆత్మహత్య చేసుకుంది.

ఈ చిత్రంపై అభిమానుల చర్చలో మూడు ప్రశ్నలు ముఖ్యమైనవి. మొదటిది: రక్తపాతం దాదాపు లేని ఈ చిత్రం అంతగా ఎందుకు భయపెడుతుంది? రెండవది: అస్థికలు వెలికితీసిన తరువాత కూడా సదాకో ఎందుకు శాంతించదు? మూడవది: నకలు తీసి మరొకరికి చూపితే ప్రాణం దక్కడమేమిటి?

3. భయానకరసం – సాధారణీకరణ భంగం:

భరతుడు భయానకరసానికి భయాన్ని స్థాయిభావంగా చెప్పి, వికృతధ్వనులు, భూతాదుల దర్శనం, శూన్యగృహం, అరణ్యం వంటివాటిని విభావాలుగా పేర్కొన్నాడు. భయానకాన్ని వ్యాజజన్యం, అపరాధజన్యం, విత్రాసితకం అని మూడు విధాలుగా విభజించాడు. ‘రింగు’లో విత్రాసం తక్కువ, అపరాధజన్య భయం ఎక్కువ. చిత్రంలో మరణించేవారిలో ఎక్కువమంది ఆ అపరాధం చేసినవారు కారు. చేసినవారి లోకంలో బతుకుతున్నవారు మాత్రమే.

అభినవగుప్తుడు ‘అభిజ్ఞాన శాకుంతలం’ ప్రథమాంకంలోని లేడి భయాన్ని రసానుభవానికి ఉదాహరణగా తీసుకున్నాడు. అక్కడ భయం దేశకాల వ్యక్తి విశేషాల నుంచి విడివడి ప్రేక్షకుని చేరుతుంది. బాణం తన మీదికి రాదని సహృదయునికి తెలుసు. ఆ దూరమే భయాన్ని ఆస్వాద్యం చేస్తుంది. ‘రింగు’ ఈ దూరాన్నే గురిపెట్టింది. చిత్రంలో కాసెట్టు చూసిన వెంటనే ఫోను మోగుతుంది. ఇంట్లో కాసెట్టు పెట్టుకుని చూస్తున్న ప్రేక్షకుని చుట్టూ కూడా అవే ఉన్నాయి: టీవీ, కాసెట్టు, ఫోను. చివరకు సదాకో టీవీ తెరలో నుంచి పాకుతూ బయటికి వచ్చినప్పుడు, విభావం ప్రేక్షకుని గదిలోని వస్తువే అవుతుంది. థియేటరులో ఆ టీవీ కథలోని వస్తువు. ఇంట్లో అది చూస్తున్న టీవీయే. సాధారణీకరణం పూర్తిగా నశిస్తే రసం ఉండదు. పూర్తిగా నిలిస్తే ఈ చిత్రం ఇంతగా వెంటాడదు. ఆ రెండింటి నడుమ ప్రేక్షకుణ్ణి నిలపడమే దీని విజయం. ఇది మొదటి ప్రశ్నకు సమాధానం.

4. కాళ్లు, జుట్టు: రూపకల్పన:

జపాన్ ప్రేతరూపానికి తెల్లని శవవస్త్రం, విరబోసిన నల్లని జుట్టు ప్రధాన లక్షణాలు. పాదాలు లేని ప్రేతం చిత్రకారుడు ఓక్యో మరుయమ (1733–1795) పేరుతో ముడిపడి ఉంది. 1964 నాటి కొబాయాషి చిత్రం ‘క్వైదాన్’లో ఒక కథ పూర్తిగా జుట్టు చుట్టూ నడుస్తుంది. మన దయ్యానికి పాదాలుంటాయి, కాని వెనక్కి తిరిగి ఉంటాయి. సదాకో తెర వైపు నడిచే దృశ్యంలో నటి వెనక్కి నడవగా చిత్రీకరించి, దానిని తిరగవేసి చూపారు. ముందుకు వస్తున్నట్లుంటుంది, కాని అడుగుల తీరు ముందుకు వేసినట్లు ఉండదు. ‘కాళ్లు వెనక్కి’ అన్న మాట వింటూ పెరిగిన ప్రేక్షకునికి ఈ నడక సులభంగా పరిచయమైనదిగా తోస్తుంది.

జుట్టు విషయంలో మాత్రం అర్థభేదం ఉంది. తెలంగాణలో విరబోసిన జుట్టు దయ్యానికే పరిమితం కాదు. జాతరల్లో శిగమూగే శివసత్తుల జుట్టు కూడా విరబోసి ఉంటుంది. అక్కడ అది దేవత వచ్చిందనడానికి గుర్తు. ఊరు ఆమెకు చేతులు జోడించి, ఆమె చెప్పేది వింటుంది.

5. అన్యాయమైన స్త్రీ – దేవతగా మారడం, మారకపోవడం:

రెండవ ప్రశ్నకు సమాధానం ఈ భేదంలోనే ఉంది. జపాన్‌లో అన్యాయంగా మరణించినవారి ఆగ్రహాన్ని పూజతో శాంతింపజేసే సంప్రదాయం ప్రాచీనమైనది. ప్రవాసంలో 903లో మరణించిన పండితుడు మిచిజానె సుగవారా ఆగ్రహమే విపత్తులకు కారణమని నమ్మి, ఆయనను దేవునిగా ప్రతిష్ఠించారు. క్యోటోలోని కితానో తెన్‌మాంగు ఆయన ఆలయమే. 1825 నాటి కబుకి నాటకం ‘యోత్సుయ కైదాన్’లో భర్త చేతిలో మోసపోయి మరణించిన ఓఇవాకు టోక్యోలో గుడి ఉంది. నాటకం ప్రదర్శించేవారు ముందుగా అక్కడికి వెళ్లి మొక్కడం ఆచారం.

తెలంగాణలో ఎల్లమ్మ కథను బైండ్లవారు జమిడిక మీద గానం చేస్తారు. భర్త ఆజ్ఞతో కన్నకొడుకు చేతిలో తల తెగిన రేణుకే ఎల్లమ్మ. ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఊరు దాచలేదు. కథగా చెప్పుకుంది, బోనమెత్తింది, ఏటేటా గుర్తుచేసుకుంది. ఆంధ్ర ప్రాంతంలో విస్తారంగా కనిపించే పేరంటాళ్ల ఆరాధనలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. అన్యాయాన్ని బహిరంగంగా ఒప్పుకోవడం ఈ సంప్రదాయాలన్నింటికీ ఆధారం.

‘రింగు’లో సదాకోకు దక్కనిది ఈ ఒప్పుకోలే. రేయికో ఎముకలను వెలికితీసింది, ఒడిలోకి తీసుకుంది. అది వ్యక్తిగతమైన దయ. ఆమె వృత్తిరీత్యా విలేకరి. అయినా తల్లీకూతుళ్లకు జరిగినదాన్ని లోకానికి చెప్పినట్లు చిత్రం ఎక్కడా చూపదు. తల్లిని పదిమంది ముందు నిందించారు, కూతురిని రహస్యంగా చంపారు. పరిహారం మాత్రం ఎవరూ చూడని బావి అడుగున జరిగింది. బహిరంగ అపరాధానికి రహస్య పరిహారం చాలలేదని చిత్రం సూచిస్తున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. బావి – స్థానిక వాస్తవం:

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల్లో బావి లేని ఊరు లేదు. జనం నోట అది ‘బాయి’. మోట పోయి, బోరు వచ్చి, భూగర్భజలం అడుగంటాక ఎన్నో వ్యవసాయ బావులు ఎండి, పొదలు కమ్మి పాడుబడ్డాయి. నీటికి, బతుకుకు గుర్తుగా ఉన్న బావి నిర్జన స్థలంగా మారింది.

2019 ఏప్రిల్‌లో పూర్వపు నల్లగొండ జిల్లాలోని, ప్రస్తుత యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో పాడుబడిన వ్యవసాయ బావిలో ఒక బాలిక మృతదేహం లభించింది. అంతకుముందు కనిపించకుండా పోయిన మరో ఇద్దరు బాలికల గతి కూడా అప్పుడే బయటపడింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం దోషికి మరణశిక్ష విధించింది. ఈ వాస్తవం తెలిసిన ప్రాంతంలో ‘బావిలోని అమ్మాయి’ని కేవలం భయపెట్టే బొమ్మగా చర్చించడం సాధ్యం కాదు, తగదు. మొదటి బాలిక మాయమైనప్పుడే ప్రతి పాడుబావినీ వెతికి ఉంటే అన్న ప్రశ్న ఏ దయ్యం కథకన్నా బరువైనది.

7. దాటించడం – దిష్టి, నకలు:

మూడవ ప్రశ్న నకలు గురించినది. దిష్టి తీసిన నిమ్మకాయలు, ఎర్రనీళ్లు మూడుబాటలు కలిసేచోట పారవేయడం, వాటిని తొక్కినవారికి, దాటినవారికి ఆ కీడు తగులుతుందనుకోవడం మనకు తెలిసిన విశ్వాసం. ఇందులో కీడు నశించదు, చేతులు మారుతుంది. ‘రింగు’లోని నకలు కూడా ఇదే తర్కంపై నడుస్తుంది. భేదం ఒక్కటే: కూడలిలో ఎవరు తొక్కుతారో పారవేసినవారికి తెలియదు, రేయికో మాత్రం తన కన్నతండ్రిని ఎంచుకుంటుంది. కాసెట్లు చేతులు మారుతూ, నకళ్లు తీస్తూ పెరిగిన గృహవీడియో లోకానికి ఇది కఠినమైన దర్పణం.

ఈ తర్కానికి తెలంగాణలో ఇంకా క్రూరమైన రూపం ఉంది. కారణం తెలియని జబ్బుకు, పశువుల మరణానికి కారకులుగా ఎవరినో ఒకరిని నిర్ణయించడం. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషులను కట్టివేసి కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, చంపడం జరిగాయి. ‘మంత్రాల నెపంతో హత్య’ అన్నది మన జిల్లా పత్రికల్లో పరిచిత శీర్షిక. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యా కారణాల్లో మంత్రవిద్యకు ప్రత్యేక పద్దు కేటాయించడం సమస్య తీవ్రతను తెలుపుతుంది. పొరుగున మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి అమానుష ఆచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. విలేకరుల గుంపు ముందు నిలబడిన షిజుకోను, ఊరిగుంపు ముందు నిలబడిన నిందితురాలిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరిపై శక్తి లేదన్న నింద, మరొకరిపై శక్తి ఉందన్న నింద. గుంపు స్వభావం మాత్రం ఒకటే.

8. ముగింపు:

- ‘రింగు’ అపరాధజన్య భయానకానికి ఆధునిక ఉదాహరణ. గృహవీడియో అనే దర్శనరీతి అందులో సాధారణీకరణాన్ని పాక్షికంగా భంగపరచి భయాన్ని ఇంటిలోకి తెస్తుంది.
- అన్యాయానికి గురైన స్త్రీ బహిరంగ స్మరణ పొందితే దేవత అవుతుంది, పొందకపోతే ప్రేతంగా మిగులుతుంది. ఎల్లమ్మ, ఓఇవా మొదటి కోవకు, సదాకో రెండవ కోవకు చెందుతారు.
- దిష్టి, నకలు రెండూ కీడును దాటించే తర్కంపై ఆధారపడినవే. ఆ తర్కం మనుషులపైకి మళ్లినప్పుడు బాణామతి హత్యలుగా పరిణమిస్తుంది.
- భయానక చిత్రాలపై అభిమానుల చర్చను సాహిత్య పరిశోధన చిన్నచూపు చూడరాదు. తరగతి గదిలో భయానకరసాన్ని బోధించేటప్పుడు ఇటువంటి చిత్రాన్ని, స్థానిక కథాగానాన్ని, వార్తాపత్రికను కలిపి చర్చిస్తే, విద్యార్థి ‘దయ్యం ఉందా?’ అన్న ప్రశ్న నుంచి ‘ఎవరికి అన్యాయం జరిగింది?’ అన్న ప్రశ్నకు చేరగలడు. దక్షిణ తెలంగాణ కళాశాలల్లో ఆ రెండవ ప్రశ్న అత్యవసరం.