భూకంపాల నింద సూర్యుడి మీద

1989లో సూర్యుడు ఉగ్రరూపంలో ఉన్నాడు. ఆ ఏడాది సూర్యమచ్చల సగటు సంఖ్య 211. మార్చి 13న విరుచుకుపడ్డ భూ అయస్కాంత తుఫానుకు కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 60 లక్షల మంది తొమ్మిది గంటలు కరెంటు లేకుండా గడిపారు. మరి ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద 7 లేదా అంతకు మించిన తీవ్రతతో వచ్చిన భూకంపాలెన్ని? అమెరికా భూగర్భ సర్వే సంస్థ లెక్కలో ఆరంటే ఆరు. సగటున ఏడాదికి 16 వస్తాయి.

2010లో సూర్యుడు అప్పుడప్పుడే నిద్ర లేస్తున్నాడు. మచ్చల సగటు 25. పెద్ద భూకంపాలు మాత్రం 23.

ఈ రెండేళ్లనే పట్టుకుంటే సూర్యుడు చల్లబడితే భూమి వణుకుతుందని ఒక సిద్ధాంతం తయారు చేసి వాట్సాప్‌లో వదలొచ్చు. కానీ పక్కనే 2017 ఉంది. ఆ ఏడాది మచ్చలు 22 మాత్రమే, భూకంపాలూ ఏడే. 2014లో మచ్చలు 113, భూకంపాలు 12. సూర్యుడు మళ్లీ పదకొండేళ్ల చక్రం కొసకెక్కిన 2024లో మచ్చల సగటు 150 దాటింది, భూకంపాలు 10 వచ్చాయి. ఈ అంకెల్లో ఒక వరస కనిపెట్టాలంటే ముందు కొన్నిటిని దాచిపెట్టాలి.

నేనుండే న్యూజిలాండ్‌లోని హాబ్సన్‌విల్‌లో, సూర్యుడి వల్ల భూకంపాలొస్తాయా అన్న ప్రశ్న ఊపందుకున్నది 2024 మే 11 రాత్రి తర్వాత. ఆక్లండ్‌కు వాయవ్యాన, వైటెమటా హార్బర్ పైభాగంలో నీళ్లలోకి చొచ్చుకొచ్చిన నేల ఇది. ఒకప్పుడు వైమానిక దళ స్థావరం. ఇప్పుడు రన్‌వేల చోట వరసగా ఇళ్లు, వాటిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇరవయ్యేళ్లలో ఎన్నడూ రానంత పెద్ద సౌర తుఫాను ఆ రోజు భూమిని తాకింది. మామూలుగా దక్షిణ దీవి కొసన కనిపించే ధ్రువకాంతులు ఆక్లండ్ దాకా వచ్చేశాయి. దక్షిణాన ఆకాశం అంచున లేత గులాబీ రంగు పరుచుకుంది. కంటికి మసకగా ఉన్నది ఫోన్ కెమెరాలో మాత్రం చీర రంగులా చిక్కగా పడింది. ఆ ఫొటోలు ఇండియాకు వెళ్లాయి. తెల్లారేసరికి అటునుంచి జవాబులు: "అక్కడ సౌర తుఫానట కదా, ఇక భూకంపం వస్తుందంటున్నారు. జాగ్రత్తగా ఉండండమ్మా."

రాలేదు. ఆ మే నెలలోనే కాదు, ఏప్రిల్ 3 నాటి తైవాన్ భూకంపం తర్వాత జూన్ 28న పెరూలో వచ్చిన దాని దాకా, దాదాపు మూడు నెలలు, ప్రపంచంలో ఎక్కడా 7 తీవ్రత దాటిన కదలిక లేదు. ఈ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. జరగని భూకంపానికి ఫొటో ఉండదు మరి.

ఇలాంటి మాట విన్నప్పుడల్లా ముందు వేసుకోవలసిన లెక్క ఒకటుంది. సూర్యుడి ఊసే లేకుండా, ఊరికే కాలెండర్‌లో ఒక తేదీ మీద వేలు పెడితే, ఆ తర్వాతి వారంలో భూకంపం వచ్చే అవకాశమెంత? 6 తీవ్రత దాటినవి ప్రపంచంలో ఏడాదికి దాదాపు 150 వస్తాయి. అంటే సుమారు రెండున్నర రోజులకొకటి. అవి ఇష్టం వచ్చినట్టు చెదిరి వస్తాయనుకుని లెక్క కడితే, ఏ తేదీ తీసుకున్నా మూడు రోజుల్లోపు కనీసం ఒకటి వచ్చే అవకాశం 100లో 71. వారం గడువిస్తే 94. గీత 7 దగ్గర గీసినా వారం లోపల 26 పాళ్లు. అంటే "సౌర జ్వాల ఎగసింది, వారంలో ఎక్కడో ఒకచోట పెద్ద భూకంపం వస్తుంది" అన్నవాడు ఏ విద్యా లేకుండానే నూటికి తొంభై నాలుగుసార్లు గెలుస్తాడు. రోజూ వచ్చే పాలవాణ్ణి నా తుమ్మే రప్పించిందని చెప్పుకోవడం లాంటిదిది.

రెండో వైపు నుంచీ చూడాలి. సౌర జ్వాలల్లో అన్నిటికంటే బలమైన ఎక్స్ తరగతివి 2024లో 50కి పైగా వచ్చాయి, సగటున వారానికొకటి. అలాంటి ఏడాదిలో ఎప్పుడు భూమి కదిలినా కాస్త వెనక్కి తిరిగి చూస్తే చాలు, ఓ జ్వాల దొరుకుతుంది.

ఇక న్యూజిలాండ్‌లో ఈ నమ్మకానికి ప్రాణం పోసిన అసలు ఘటన. 2011 ఫిబ్రవరి 15న ఒక ఎక్స్ తరగతి జ్వాల ఎగసింది. కొత్త సౌర చక్రంలో అదే మొదటిది, నాలుగేళ్ల విరామం తర్వాత వచ్చింది. న్యూజిలాండ్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడు కావస్తోంది. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12 గంటల 51 నిమిషాలకు, క్రైస్ట్‌చర్చ్ నగరం కింద 6.2 తీవ్రతతో భూమి చీలింది. 185 మంది చనిపోయారు. మార్చి 9న మరో ఎక్స్ జ్వాల, మార్చి 11న జపాన్‌లో 9.1. నెల తిరక్కుండా రెండు జంటలు. ఎవరికైనా అనుమానం రావడంలో తప్పు లేదు.

మరి జ్వాల లేని పక్షం సంగతి? 2016 నవంబర్ 14 అర్ధరాత్రి దాటిన రెండు నిమిషాలకు కైకౌరా దగ్గర 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. క్రైస్ట్‌చర్చ్ కంపం కంటే అది వందల రెట్లు ఎక్కువ శక్తిని వదిలింది. ఆ ఏడాది మొత్తంలో సూర్యుడి మీద ఒక్క ఎక్స్ జ్వాల కూడా లేదు. పైగా క్రైస్ట్‌చర్చ్‌లో ఫిబ్రవరి నాటి కంపానికి కారణం ఆకాశంలో వెతకనక్కర్లేదు. 2010 సెప్టెంబర్ 4న డార్‌ఫీల్డ్ దగ్గర వచ్చిన 7.1 భూకంపం చుట్టుపక్కల భ్రంశాల, అంటే నేల లోపలి చీలికల, మీద ఒత్తిడిని మార్చేసింది. ఫిబ్రవరిది ఆ వరసలోనిదే. ఊరి కిందే, తక్కువ లోతులో రావడం వల్ల అంత నష్టం చేసింది.

2011లో సూర్యుడి కంటే చంద్రుడికే ఎక్కువ పేరొచ్చింది. చంద్రగతులను బట్టి వాతావరణం చెప్పే ఆక్లండ్ రచయిత కెన్ రింగ్ మార్చి 20 ప్రాంతంలో క్రైస్ట్‌చర్చ్‌కు మళ్లీ పెద్ద ముప్పుందన్నారు. మార్చి 19న చంద్రుడు పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరకొచ్చాడు. చాలామంది ఊరు వదిలి వెళ్లారు. ఆ మాట తప్పని చూపడానికి హేతువాదులు, మంత్రి నిక్ స్మిత్‌తో కలిసి, మార్చి 20న పోర్ట్ హిల్స్ మీది ఒక పాత రాతి భవనంలో కూర్చుని భోజనం చేశారు. భోజనాలప్పుడు ఏమీ కాలేదు. రాత్రి 9.47కి 5.1 తీవ్రతతో అనంతర ప్రకంపన వచ్చింది. రెండు పక్షాలూ మేమే గెలిచామన్నాయి. వేల సంఖ్యలో అనంతర ప్రకంపనలు నడుస్తున్న ఊళ్లో, నెల రోజులకే, 5 తీవ్రతది ఒకటి రావడం వింత కాదు. అయినా ఇల్లు కూలి పిల్లలతో కారులో పడుకున్న మనిషికి సంభావ్యతా శాస్త్రం ఎవరు చెబుతారు? ఆ వారాంతం ఊరొదిలి వెళ్లినవాళ్లను నేను ఎగతాళి చేయలేను.

జోస్యాల సంగతి పక్కన పెట్టి, సూర్యుడికి భూమిని కదిపే బలముందా అన్నది చూద్దాం. భూమి దగ్గర సౌర పవనం నెట్టుడు మామూలుగా రెండు నానోపాస్కల్‌ల పరిసరాల్లో ఉంటుంది. పాస్కల్‌లో వందకోట్లవ వంతు ఒక నానోపాస్కల్. ఇటు హాబ్సన్‌విల్ మీదికి శీతాకాలంలో ఒక అల్పపీడనం వచ్చిందంటే బేరోమీటర్ 30 హెక్టోపాస్కల్‌లు, అంటే 3,000 పాస్కల్‌లు పడిపోవచ్చు. సౌర పవనం నెట్టుడుకు అది లక్షన్నర కోట్ల రెట్లు. అన్ని రెట్లు బలమైన మార్పులు ఏటా మా నెత్తి మీదుగా పోతున్నా నేల కదలడం లేదు. భూకంపంలో భ్రంశం మీద సడలే ఒత్తిడి పది లక్షల నుంచి కోటి పాస్కల్‌ల దాకా ఉంటుంది. సౌర జ్వాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలైతే నేల దాకా రానే రావు, అరవై నుంచి వంద కిలోమీటర్ల ఎత్తులోనే గాలి వాటిని మింగేస్తుంది.

ఆటుపోట్ల బలం అలా తీసిపారేసేది కాదు. చంద్రుడూ సూర్యుడూ కలిసి భూమి పొరల్ని కొన్ని వేల పాస్కల్‌ల మేర లాగుతారు. అందులో సూర్యుడి వాటా చంద్రుడి దానిలో సగానికి కాస్త తక్కువ. ఎప్పుడెప్పుడా అన్నట్టున్న భ్రంశాన్ని ఆ కాస్త లాగుడు ముందుకు తోయవచ్చని 2016లో టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. పెద్ద భూకంపాలు ఆటుపోట్ల ఒత్తిడి ఎక్కువున్న రోజుల్లో కొంచెం ఎక్కువ వస్తున్నాయన్నారు. కానీ ఇది గురుత్వాకర్షణ పని. సూర్యుడి మీద మచ్చలున్నా లేకున్నా అంతే ఉంటుంది.

మచ్చలకూ భూకంపాలకూ ముడిపెట్టడం కొత్తేమీ కాదు. స్విట్జర్లాండ్ ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ 1853లోనే ఆ ఊహ చేశాడు. 2013లో అమెరికా పరిశోధకులు జెఫ్రీ లవ్, జెరెమీ థామస్ దాన్ని శుభ్రంగా పరీక్షకు పెట్టారు. సూర్యుడు చురుగ్గా ఉన్న సగం రోజులు ఒక కుప్ప, మందంగా ఉన్న సగం మరో కుప్ప. నెలలకూ సంవత్సరాలకూ అదే పద్ధతి. రెండు కుప్పల్లోని భూకంపాలను లెక్కపెట్టారు. తేడా తేలలేదు. ప్రభావం ఆలస్యంగా పడుతుందేమోనని మధ్యలో వ్యవధి ఇచ్చి చూసినా అదే ఫలితం. 2020లో ఇటలీ పరిశోధకుల బృందం ఎదురు జవాబు చెప్పింది. అంతరిక్షంలో ఇరవయ్యేళ్లు కొలిచిన ప్రోటాన్ల సాంద్రత పెరిగిన మర్నాడు 5.6 దాటిన భూకంపాలు పెరుగుతున్నాయని, రాళ్లలోని క్వార్ట్జ్ మీద విద్యుత్తు పనిచేయడమే కారణం కావచ్చని. దాని మీద అభ్యంతరాలు వచ్చాయి, వాదన ఇంకా తెగలేదు. నన్నడిగితే ఆ పరిశోధన పూర్తిగా నిజమని తేలినా మా ఇంటికి ఒరిగేదేమీ లేదు. వేల భూకంపాలను కుప్ప పోస్తే తప్ప కనిపించని సన్నని తేడాతో రేపు ఏ ఊరు కదులుతుందో చెప్పలేం.

మన దేశం వైపు నుంచి చూస్తే ఈ నమ్మకానికి ఇంకా బలమైన జాబితా దొరుకుతుంది. ఒంగోలు 1967, కొయనా 1967, భద్రాచలం 1969, భుజ్ 2001, ములుగు 2024 డిసెంబర్ 4. అయిదూ సౌర చక్రం కొస దగ్గరివే! ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో పొద్దున 7.27కి వచ్చినప్పుడు హైదరాబాదులో, విజయవాడలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఇప్పుడు నేను వదిలేసినవి కలపండి. కిల్లారి 1993, సూర్యుడు తగ్గుముఖం పట్టిన కాలం. జబల్‌పూర్ 1997, మచ్చలు దాదాపు అడుగంటిన రోజులు. బంగాళాఖాతం తీరాన్ని ముంచెత్తిన 2004 సుమత్రా భూకంపం, మళ్లీ తగ్గుముఖమే. ఇక కొయనా విషయంలో శాస్త్రవేత్తలు వేలు చూపేది కొత్తగా కట్టిన జలాశయం వైపు.

న్యూజిలాండ్ దక్షిణ దీవి నడుమన ఆల్పైన్ భ్రంశం ఉంది. పసిఫిక్ పలక, ఆస్ట్రేలియా పలక ఒరుసుకునే చోటు. గత 8,000 ఏళ్లలో అది 27 సార్లు కదిలిందని బురద పొరలను తవ్వి తేల్చారు, సగటున మూడు వందల ఏళ్లకొకసారి. చివరిసారి 1717లో. సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనిపించకుండా పోయిన డెబ్బై ఏళ్ల కాలం ముగిసింది 1715లో, అంటే ఆ కదలిక రావడానికి రెండేళ్ల ముందే. కావాలనుకున్నవాళ్లు దాన్నీ వాడుకోవచ్చు. ఆనాటి నుంచి ఇప్పటికి 28 సౌర చక్రాలు వచ్చి పోయాయి. భ్రంశం ఇంకా అలాగే ఉంది, లోపల ఒత్తిడి మాత్రం ఏటా పెరుగుతోంది. వచ్చే యాభై ఏళ్లలో కదిలే అవకాశం 75 శాతమని 2021లో పరిశోధకులు అంచనా కట్టారు. తేదీ చెప్పలేదు. చెప్పగలిగినదింతే, కానీ వంతెనలు, ఆసుపత్రులు ఎంత గట్టిగా కట్టాలో నిర్ణయించడానికి ఇది సరిపోతుంది.

హాబ్సన్‌విల్ ఆ భ్రంశానికి చాలా దూరం. దేశంలో భూకంప భయం తక్కువున్న ప్రాంతాల్లో ఆక్లండ్ ఒకటి. అయినా హౌరాకి మైదానాల్లో కెరెపెహి అనే చురుకైన భ్రంశం ఉంది, నగరం కింద యాభైకి పైగా అగ్నిపర్వతాల క్షేత్రం ఉంది. ఇక్కడ కూడా ఇంటి బీమా కట్టే ప్రతివారి నుంచీ ప్రకృతి విపత్తుల సుంకం వసూలు చేస్తారు. నూరు డాలర్ల రక్షణకు 16 సెంట్లు, మూడు లక్షల డాలర్లకు 480, పైన జీఎస్టీ. నిత్యం కదిలే వెల్లింగ్‌టన్‌లోనూ అదే రేటు.

సూర్యుడి వల్ల ఈ దేశానికి జరిగిన నష్టం నేల మీద కాదు, తీగల మీద. అయస్కాంత తుఫాను నేలలో, పొడవాటి విద్యుత్ లైన్లలో ప్రవాహాల్ని పుట్టిస్తుంది. 2001 నవంబర్ 6న అలాంటి తుఫాను తాకిన నిమిషంలోపే డనీడిన్‌లోని హాఫ్‌వే బుష్ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పాడైపోయింది. 2024 మేలో జాతీయ గ్రిడ్‌ను నడిపే ట్రాన్స్‌పవర్ సంస్థ ముందుగానే అత్యవసర నోటీసిచ్చి, కొన్ని లైన్లను ఆపేసి పెట్టింది. అలా ముందే మేలుకునే వీలుంది, ఎందుకంటే శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య ఎల్1 లాంటి నౌకలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల కాపలా కాస్తున్నాయి. వాటిని దాటిన సౌర పవనం మన దాకా రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి ఈసారి "సౌర తుఫానట" అని ఇండియా నుంచి ఫోనొస్తే, నేనైతే కరెంటు పోతే పనికొస్తుందని టార్చ్‌లైట్ ఎక్కడుందో వెతుక్కుంటాను.