జొన్న రొట్టెకు కొంత గడువివ్వండి

మంజీర ఒడ్డున నల్లపోచమ్మ గుడితో పేరుపడ్డ బోరంచ, నారాయణఖేడ్ ప్రాంతంలోని ఊరు. ఈ చుట్టుపక్కల చేలల్లో జొన్న, కంది, పెసర, మినుము, శనగ తరతరాలుగా పండుతున్నాయి. బరువు తగ్గాలని వచ్చినవాళ్లకు ఇప్పుడు డాక్టర్లు, డైటీషియన్లు రాసిచ్చే చీటీలోనూ దాదాపు ఇవే ఉంటున్నాయి. అన్నం తగ్గించండి, జొన్న రొట్టె తినండి, పప్పు పెంచండి, సాయంత్రం మిర్చీలకు బదులు గుడాలు తినండి అంటారు. సలహా మంచిదే. కాని వారం తిరక్కుండానే కడుపు ఉబ్బరిస్తుంది, లోపల గుడగుడమంటుంది, నలుగురిలో కూర్చోవాలంటే ఇబ్బందవుతుంది. దాంతో ‘నాకు జొన్నలు పడవు, పప్పు వాతం చేస్తుంది’ అని తేల్చేసుకుని చాలామంది మళ్లీ పళ్లెం నిండా అన్నానికి వెళ్లిపోతారు. బరువు తగ్గే ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. ఎక్కువమంది విషయంలో ఈ తీర్పు తొందరపాటే. చిక్కు వచ్చింది తిండితో కాదు, దాన్ని ఒక్కసారిగా మార్చిన వేగంతో.

గ్యాసు ఎక్కడ పుడుతుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. కందులు, శనగలు, అలసందల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వీటిని విడగొట్టే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ మనిషి చిన్నపేగులో తయారు కాదు. ఇది ఎవరికో ఉన్న లోపం కాదు, మనుషులందరికీ అంతే. అరగని ఆ చక్కెరలు, జొన్నలోని పీచు, కొంత పిండిపదార్థం పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా పుడతాయి. ఆ పులియడంలోనే పెద్దపేగు లోపలి పొరకు ఆహారమయ్యే కొవ్వు ఆమ్లాలు కూడా తయారవుతాయి. తెల్లన్నం సంగతి వేరు. అందులోని పిండిపదార్థం దాదాపు అంతా చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది, బ్యాక్టీరియాకు మిగిలేది తక్కువ. ‘అన్నం తింటే నాకే బాధా ఉండదు’ అనే మాట అందుకే నిజం. అయితే ఆ సుఖాన్ని బట్టి అన్నమే ఒంటికి మంచిదని అనుకోలేం. పొట్ట నిండుగా అనిపించేలా చేసి, తక్కువ తినడానికి సాయపడేది జొన్నలోనూ పప్పులోనూ ఉన్న ఆ పీచే.

మామూలు మనిషిలో గ్యాసు ఎంత ఉంటుంది? ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పదిమంది ఆరోగ్యవంతులకు రోజువారీ తిండితో పాటు 200 గ్రాముల ఉడికించిన బీన్స్ పెట్టి కొలిచిన ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఒక్కొక్కరిలో 24 గంటల్లో 476 నుంచి 1,491 మిల్లీలీటర్ల దాకా గ్యాసు వచ్చింది. ఒకే తిండికి మనిషికీ మనిషికీ మధ్య మూడింతల తేడా అన్నమాట. పీచు బొత్తిగా లేని ద్రవాహారం ఇచ్చినప్పుడు కూడా అది 200 మిల్లీలీటర్లకు పైగానే ఉంది. గ్యాసే రాని తిండి కోసం వెతకడం వృథా. ఇంకో భయం కూడా ఉంది. రొట్టె తినడం మొదలుపెట్టాక సాయంత్రానికి నడుము దగ్గర బట్ట బిగుతైతే, బరువు పెరుగుతున్నామని కంగారు పడతారు. లీటరు గ్యాసు బరువు గ్రాము అటూ ఇటూ. ఆ ఉబ్బరానికీ కొవ్వుకూ సంబంధం లేదు. తూకం రోజూ సాయంత్రం కాకుండా వారానికోసారి పొద్దున పరగడుపున చూసుకుంటే ఈ కంగారు చాలావరకు తగ్గుతుంది.

‘మా అమ్మమ్మలు, నాయనమ్మలు రోజూ రొట్టె, పప్పే తిన్నారు, వాళ్లకు లేని గ్యాసు మాకెందుకు’ అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. చిన్ననాటి నుంచి అదే తిండి కావడంతో వాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా దానికి అలవాటుపడింది. పగలంతా చేలో నడిచే ఒంట్లో గ్యాసు ఒకచోట నిలిచిపోయే అవకాశమూ తక్కువ. ఈ అలవాటు పెద్దయ్యాక కూడా వస్తుంది. రోజూ అరకప్పు బీన్స్ తినిపించి అమెరికాలో చేసిన మూడు అధ్యయనాల ఫలితాలు 2011లో వచ్చాయి. మొదటి వారంలో కూడా గ్యాసు పెరిగిందన్నవాళ్లు సగానికి లోపే. అలసందలు తిన్నవాళ్లలోనైతే అయిదుగురిలో ఒక్కరే. ఇబ్బంది పడ్డవాళ్లలో సుమారు 70 శాతం మందికి రెండు, మూడు వారాల్లో అది సర్దుకుంది. మనవాళ్లు చాలామంది సరిగ్గా ఆ సర్దుకునే ముందే చేతులెత్తేస్తున్నారు.

అందుకే మార్పులన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టకూడదు. మొదటి వారం రాత్రిపూట అన్నం బదులు ఒక్క రొట్టె చాలు. అది కుదిరాక పప్పు కొంచెం పెంచాలి, ఆ తర్వాతే గుప్పెడు గుడాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కిలోకేలరీల తిండిలో 85 గ్రాముల పప్పుధాన్యాలు ఉండాలని చెప్పింది. అది చేరవలసిన మజిలీ. మొదటిరోజే అందుకోవలసిన పని లేదు. బరువు కూడా వారానికి అరకిలో తగ్గడమే క్షేమమని అదే సంస్థ అంటుంది. బరువు తగ్గడానికి సరైన నడక, పేగులు అలవాటుపడే నడక ఒకటే కావడం మన అదృష్టం.

వంటింట్లో చేయవలసింది కూడా కొంత ఉంది. శనగలు రాత్రి నానబెట్టి పొద్దున మూత తీస్తే నీళ్లు పచ్చగా మారి, గిన్నె అంచున సన్నని నురగ కట్టి కనిపిస్తుంది. రాఫినోజ్ జాతి చక్కెరల్లో కొంతభాగం ఆ నీళ్లలోకి దిగిపోయి ఉంటుంది. అవి పారబోసి, కడిగి, కొత్తనీళ్లలో గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగేదాకా ఉడికించాలి. బి విటమిన్లు కొన్ని పోతాయనే అభ్యంతరం సరైనదే, కాని కడుపునొప్పికి భయపడి శనగలే మానేయడం కంటే అది చిన్న నష్టం. మొలకెత్తినప్పుడు ఈ చక్కెరలు ఇంకా తగ్గుతాయి. అయినా మొలకలు పచ్చివి తినడం కంటే ఆవిరి పట్టించి తినడం మేలు. పప్పుల్లో పెసరపప్పు చాలామందికి తేలిక, మొదలు దానితో పెట్టుకోవచ్చు. వాము, ఇంగువ అలవాటుంటే వేసుకోండి, తప్పులేదు, కాని పప్పు నానబెట్టకుండా ఇంగువ మీద భారం వేయకండి.

పాపం పప్పుదే అనుకునేముందు మిగతావీ చూడాలి. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ సరిగా అరగనివాళ్లు మన దక్షిణాదిన ఎక్కువే. జిమ్‌కు వెళ్లేవాళ్లు పాలలో కలిపి తాగే వే ప్రోటీన్ పొడిలోనూ అది ఉండొచ్చు. లాక్టోజ్ అరగనివాళ్లకు కూడా పెరుగు, మజ్జిగ సాధారణంగా పడతాయి. షుగర్‌ఫ్రీ స్వీట్లు, చూయింగ్‌గమ్‌లలో ఉండే సార్బిటాల్, మాల్టిటాల్ కూడా పేగుల్లో పులిసేవే. సన్నబడటానికని ఇవన్నీ తింటూ, గ్యాసుకు జొన్నను నిందించడం అన్యాయం.

అన్నీ పాటించినా నెలా రెండు నెలలు బాధ తగ్గనివాళ్లు ఉంటారు. ముఖ్యంగా ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే పేగుల సమస్య ఉన్నవాళ్లు. వాళ్ల కోసం ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న లో ఫాడ్‌మ్యాప్ ఆహారపద్ధతి ఉంది. పులిసే పదార్థాలను కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తెస్తూ ఏది పడటం లేదో కనిపెట్టడం ఆ పద్ధతి. డైటీషియన్ చేతిమీదుగా చేయవలసిన పని ఇది. బరువు తగ్గడానికి సొంతంగా మొదలుపెట్టి, నెలల తరబడి పప్పుకు దూరంగా ఉండటానికి వాడుకోవలసింది కాదు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గ్యాసు గోళీ గురించి గట్టిగానే చెప్పాలి. ఆ పేరుతో ఎక్కువగా చేతికొచ్చేవి పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ వంటివి. అవి జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పెద్దపేగులో శనగలు పులవడాన్ని ఆపలేవు. రోజూ పరగడుపున మింగినంత మాత్రాన ఉబ్బరం పోదు. బరువు తగ్గాలని ఏ ప్రయత్నమూ చేయకుండానే తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా, యాభై దాటాక కొత్తగా ఈ బాధ మొదలైనా గోళీతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో పట్టేసినట్టుండి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే మాత్రం గ్యాసేమోనని వాము నములుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.