అమ్మ చేతికి అందిన నాట్యం

పోయిన సంవత్సరం హోసూరులో ఒక కల్యాణ మండపంలో మా తమ్ముడి కూతురి నాట్య ప్రదర్శన జరిగింది. పన్నెండేళ్ళ పిల్ల. మా అమ్మను కూడా తీసుకువెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాము. నీటికాసుల జబ్బుతో ఆమెకు చూపు పోయి ఎనిమిదేళ్ళయింది.

పాట మొదలైన కాసేపటికి, "పిల్ల ఇప్పుడేమి చేస్తా ఉండాది నాయనా?" అని అడిగింది. "బాగా చేస్తోందమ్మా" అన్నాను. రెండు నిమిషాలకు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అడగలేదు.

ఇంటికి తిరిగి వస్తుంటే మాత్రం, "నడుమ ఒకచోట గజ్జె తాళం తప్పింది కదా?" అంది. కళ్ళున్న మాలో ఎవరమూ అది గమనించలేదు. పిల్లను అడిగితే నిజమేనని తల దించుకుంది. నాట్యంలో సగం చెవికి చెందినదే. ఆ సగం అమ్మకు మా అందరి కన్నా బాగా అందింది. మిగతా సగం అందించవలసిన నేను పక్కనే కూర్చుని ఊరకుండిపోయాను.

నాట్యమంటే కంటికి సంబంధించినదే అని మన నమ్మకం. చేయి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలని నందికేశ్వరుని అభినయ దర్పణమే చెబుతుంది. అందులో ఎనిమిది దృష్టి భేదాలున్నాయి. మరి చూపు లేనివారు నేర్చుకునేది ఎలా?

జవాబు మనకు నలభై కిలోమీటర్ల దూరంలోనే దొరుకుతుంది. బెంగళూరులో 1969లో మొదలైన శ్రీ రమణ మహర్షి అంధుల అకాడమీలో చూపులేని పిల్లలు భరతనాట్యం నేర్చుకుని వేదికలెక్కారు. వారు నేర్చుకున్నది తాకి తెలుసుకునే పద్ధతిలో. గురువు అరమండిలో నిలబడితే శిష్యురాలు ఆ భుజాలు, మోచేతులు, మోకాళ్ళు తడిమి తెలుసుకుంటుంది. తరువాత తాను అలా నిలబడుతుంది. తప్పు ఉంటే గురువు చేత్తో సరిదిద్దుతారు. తాకే ముందు చెప్పి, పిల్ల సరేనన్నాకే తాకడం మర్యాద.

అసంయుత హస్తాలు 28. పతాకానికీ త్రిపతాకానికీ తేడా ఉంగరపు వేలు మడవడమే. అటువంటివి వేలు వేలుగా నేర్పాలి. అన్నిటికన్నా కష్టం ముఖాభినయం. పుట్టుకతో చూపులేని బిడ్డ కోపగించిన ముఖాన్ని ఎన్నడూ చూసి ఉండదు. కనుబొమలు ఎలా ముడిపడతాయో, పెదవి ఎలా బిగుస్తుందో మాటతోనూ చేతితోనూ తెలపాలి. గురువుకు ఎంతో ఓపిక కావాలి.

ఇతర దేశాలలోనూ ఇదే మార్గం. బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో ఫెర్నాండా బియాంచిని 1995 నుండి చూపులేనివారికి తాకుడు ద్వారానే బాలే నేర్పుతున్నారు. క్యూబా దేశపు ప్రఖ్యాత నర్తకి అలీసియా అలోన్సోకు ఇరవై ఏళ్ళ ప్రాయంలో కంటి శస్త్రచికిత్సలు జరిగి, నెలల తరబడి కదలకుండా పడుకోవలసి వచ్చింది. అప్పుడు ఆమె 'జిజెల్' నాట్యాన్ని మంచం మీదనే చేతి వేళ్ళతో సాధన చేశారు. చూపు సరిగా తిరిగి రాకపోయినా 1943లో న్యూయార్క్‌లో ఆ పాత్ర ధరించి పేరు తెచ్చుకున్నారు.

ఇక మా అమ్మ వంటి ప్రేక్షకుల సంగతి. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ నాటకశాలలో, వేదిక మీద జరిగేదాన్ని చూపులేని ప్రేక్షకులకు చెవిలో వినిపించే ఏర్పాటు చేశారు. ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. కూచిపూడి భాగవతంలో సూత్రధారుడు వేదిక మీదనే ఉండి కథ నడిపిస్తాడు. పాత్ర ప్రవేశ దరువుతో తానెవరో చెప్పుకుని మరీ వస్తుంది. వీధి నాటకం చూస్తూ పెరిగిన మనకు ఇది తెలిసిందే. ఈనాటి నృత్య ప్రదర్శనల్లో మాత్రం పాటకు ముందు రెండు ముక్కలు చెప్పి, తక్కినదంతా కళ్ళకే వదిలేస్తున్నాము.

ఆ మరుసటి ఆదివారం పిల్ల మా ఇంటికి వచ్చింది. "అవ్వా, నా చేతులు పట్టుకో" అని, అమ్మ చేతులను తన పిడికిళ్ళ మీద పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడించింది. అమ్మ ఒక్క క్షణం ఆగి, "కవ్వం తాడు! యశోదమ్మ చల్ల చిలకతా ఉండాది!" అని పకపక నవ్వింది. నేను రెండు నిమిషాలకోసారి "బాగా చేస్తోంది" అని దాటవేసింది దీన్నే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళలూ వినోదాలూ వారికి కూడా అందాలని చెబుతోంది. చట్టం దాకా పోకుండానే మన సంఘం కొంత చేయవచ్చు. వచ్చే ఉగాది కార్యక్రమంలో చూపులేనివారికి ఒక వరుస కేటాయించి, పాట తెలిసిన ఒకరిని పక్కన కూర్చోబెడదాము. వారు రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పినట్లు, పాటకు అడ్డురాకుండా, నాలుగు మాటల్లో చెబితే చాలు. ప్రదర్శనకు ముందు గజ్జెలు, జడ, దుస్తులు తాకి చూడనిద్దాము. మన ఇళ్ళలో చూపులేని బిడ్డలుంటే పాటకే పరిమితం చేయకుండా, ఇష్టమైతే నాట్యానికీ పంపుదాము. వేదిక అంచుకు ముందు కాలికి తగిలేలా ఒక చాప పట్టీ పరిస్తే వారు పడిపోతారన్న భయం తగ్గుతుంది.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఉగాదికి వ్యాఖ్యానం చెప్పడానికి మొదటి పేరు నాదే రాసుకోండి. అమ్మకు రెండు జవాబులు బాకీ ఉన్నాను.