లాబ్రడార్ కుక్కపిల్ల పెంపకము

ఈ కాలమున మన పట్టణములందేగాక పల్లెలందును లాబ్రడార్ జాతి కుక్కపిల్లలను పెంచు గృహములు పెక్కు కానవచ్చుచున్నవి. పిల్లలు ముచ్చటపడి యడుగుదురు. తండ్రి యొకనాటి సాయంకాలము దానిని బుట్టలో బెట్టి తెచ్చును. రెండు దినములందఱును ఎత్తుకొని ముద్దాడుదురు. మూడవనాటినుండి దాని యాకలి, దాని నిద్ర, అది తడిపిన నేల, దాని జబ్బు, సమస్తమును గృహిణి వంతగును. కావున మొదటిసారి యిట్టి ప్రాణిని ఇంటికి దెచ్చుకొను సోదరీమణుల కుపయోగించునని తలంచి, మేము చదివి తెలిసికొన్నదియు, మా యింట పెంచి యెఱిగినదియు నిందు వ్రాయుచున్నాము.

జాతి:— లాబ్రడార్ అనునది కెనడా దేశమున నొక ప్రాంతపు పేరు. కాని యీ కుక్కల పూర్వులు దానికి దక్షిణమున నున్న న్యూఫౌండ్లాండ్ ద్వీపమున జాలరులకు తోడుగా నుండినవి. చల్లని సముద్రజలములలో నీది వలలను, జాఱిపోయిన చేపలను నోట గఱచి తెచ్చుట వాని పని. 19వ శతాబ్దమున ఇంగ్లండు, స్కాట్లండు ప్రభువులు వానిని దెప్పించి, వేటలో గూలిన పక్షులను దెచ్చుటకై పెంచిరి. 1903లో ఇంగ్లండునందలి కెన్నెల్ క్లబ్బువారు దీనిని ప్రత్యేకజాతిగా నంగీకరించిరి. ఈ చరిత్రము మనకు రెండు సంగతులు దెలుపుచున్నది. కనబడిన ప్రతి వస్తువును నోట గఱచుకొనుట దాని స్వభావమేగాని దుర్గుణము గాదు. దాని రెండు పొరల రోమము చలినీటికై యేర్పడినదిగాని మన వైశాఖపు టెండలకై కాదు.

తెచ్చుటకు ముందు:— ఈ కుక్క సాధారణముగా పది, పండ్రెండేండ్లు బ్రదుకును. మూడవ తరగతి చదువు పిల్లవానికొఱకు దెచ్చినది, వాడు కాలేజీకి బోయిన పిమ్మటను మన వాకిట నుండును. ఎదిగినపుడు 25 మొదలు 36 కిలోల వఱకు తూగును. ఇంత కాలము, ఇంత భారము వహింపగలమా యని యింటివారందఱు ముందే యాలోచించుకొనవలెను. 8 వారములు నిండని పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు. వీలైనచో తల్లిని జూచి, ఏ టీకా ఏ తేదీన వేసిరో వ్రాసిన కాగితమును దీసికొనియే పిల్లను దెచ్చుకొనవలెను.

మా పొరుగున నొక గృహిణి అయిదు వారముల పిల్లను గొన్నది. అమ్మినవాడు సూదిమందు వేయించితినని నోటిమాట జెప్పెను, కాగితము లేదు. ఎనిమిదవనాడది తిండి మానెను. వాంతులు, నెత్తుటి విరేచనములు పట్టుకొని మూడు దినములలో బ్రాణము విడిచెను. ఆ యింటి బిడ్డ లిద్దఱును ఆ రాత్రి యన్నము ముట్టలేదు. ఆ వ్యాధిపేరు పార్వో.

టీకాలు:— తల్లి పాలవలన వచ్చిన రక్షణశక్తి పిల్లయందు కొన్ని వారములుండి క్రమముగా దగ్గిపోవును. అది యున్నంతకాలము టీకాను బనిచేయనీయదు. అది పోయిన పిమ్మట వ్యాధినాపజాలదు. ఏ పిల్లకు ఏ దినమున దగ్గునో చెప్పుట కష్టము. అందువలననే పార్వో, డిస్టెంపర్ మొదలగు వ్యాధుల టీకాను 6, 8 వారముల నడుమ మొదలిడి, 3, 4 వారముల కొకసారి చొప్పున 16 వారములు నిండువఱకు మఱల మఱల వేయుదురు. ఒకటి వేయించితిమిగదా యని యూరకుండరాదు. వరుస ముగియువఱకు పిల్లను వీధినేలపై విడువరాదు. పార్వో సోకిన చోట ఆ విషము నెలల తరబడి నిలిచియుండును. అట్టి యింటికి టీకాలు ముగియని వేఱొక పిల్లను వెంటనే తేరాదు. కడుపులోని పురుగులకు మందును వైద్యుడు చెప్పిన గడువులలో నీయవలెను.

రేబిస్ టీకాను 12 వారములు నిండిన పిమ్మట వేయింతురు. వైద్యుడు చెప్పినట్లు ఏటేట మఱల వేయింపవలెను. ఇది కుక్క కొఱకే కాదు, మన బిడ్డల కొఱకును. పిల్ల యాడుచు పాలపండ్లతో గీరినప్పుడు, అమ్మ కోపించి దానిని బంపివేయునేమో యని బిడ్డలు దాచుదురు. దాచినచో కోపము వచ్చును, చెప్పినచో రాదు అని వారికి ముందే నచ్చజెప్పవలెను. పండ్లు దిగినను, గోరు గీరి నెత్తురు వచ్చినను, ఆ గాయమును సబ్బుతో, ధారగా బడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి గొనిపోయి చూపవలెను. పసుపు, సున్నము, కారము గాయమునకు బెట్టరాదు. రేబిస్ లక్షణములు పొడసూపిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట యించుమించు లేనేలేదు.

ఆహారము:— రెండు నెలల పిల్లకు దినమునకు నాలుగు మాఱులు, మూడు నెలలు దాటిన పిమ్మట మూడు మాఱులు, ఆఱు నెలల తరువాత రెండు మాఱులు పెట్టవలెను. ఎముకలు పెరుగు వయస్సున పెరుగన్న మొక్కటియే చాలదు, మాంసకృత్తులు కావలెను. పెద్దజాతి కుక్కపిల్లలకని తయారుచేయు మేత బజారున దొరకును. మాంసము వండని యిండ్లకిది సులువు. దానిని దినువారు వైద్యుడు చెప్పనిదే కాల్షియము టానిక్కులు కలుపరాదు. ఎక్కువైనచో ఎముకలకే చేటు. ఆవుపాలు పెక్కు పిల్లలకు విరేచనములు చేయును. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసులు, కూరలు, పాయసములోని కిస్మిస్సు, ద్రాక్షపండ్లు, చాక్లెట్టు దీనికి విషతుల్యములు. ఉడికించిన కోడి యెముకలు చీలి పేగులను గ్రుచ్చును.

ఇక ముఖ్యమైన మాట యొకటి. లాబ్రడార్ ఎంత తిన్నను ఇంకను కావలెనని చూచును. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పండితులు ఈ జాతిలో నించుమించు నాలుగవవంతు కుక్కలయందు ఒక జన్యువున లోపము గలదనియు, దానివలన తిండిపై నాస యధికమగుననియు గనుగొనిరి. కావున దాని కన్నులలోని యాచన యెల్లప్పు డాకలి గాదు. అమెరికాలో 48 లాబ్రడార్లను జీవితాంతము పరిశీలించి, 2002లో ఫలితములు ప్రకటించిరి. తోడివానికంటె నాలుగవవంతు తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేండ్లధికముగా బ్రదికినవి. కీళ్లనొప్పులును వానికి ఆలస్యముగా వచ్చినవి. మన యిండ్లలో అమ్మమ్మ యొక యిడ్డెన, నాయనమ్మ యొక జంతిక, బిడ్డ తన కంచములో మిగిలినది, ప్రతివారును ప్రేమతోనే పెట్టుదురు. గిన్నె యొక్కటి, పెట్టు చేయి యొక్కటి యని గృహిణి నియమము చేయవలెను. కొలచి పెట్టుటయే దాని యాయువు పెంచుట.

అలవాట్లు:— చిన్నపిల్ల దినమునకు 18 గంటల వఱకు నిద్రించును. దానిని లేపి యాడింపరాదు. మొదటి రాత్రులు తల్లికై యేడ్చును. పడకగది దాపున గోనెపై మెత్తని పాతబట్ట పఱచి పరుండబెట్టినచో మన యలికిడి విని యూరడిల్లును. నిద్ర లేచినంతనే, తిన్నంతనే, ఆడినంతనే దొడ్డిలో నొకే చోటికి గొనిపోవలెను. పని ముగించిన క్షణముననే మెచ్చుకొనవలెను. లోపల తడిపినచో వాసన లేకుండ గడిగి యూరకుండవలెను.

మహాభారతము ఆదిపర్వమున సరమ కథ కలదు. జనమేజయుని యజ్ఞస్థలమున కాడుకొనుచు వచ్చిన సరమ బిడ్డను రాజు తమ్ములు నిష్కారణముగా గొట్టిరి. ఆ తల్లి వచ్చి, నిరపరాధిని హింసించువారి కనుకొనని భయములు గలుగునని రాజుతో జెప్పి పోయెను. ఇది నేటికిని నిజమే. నేల తడిపినందులకు గొట్టిన పిల్ల శుభ్రత నేర్చుకొనదు. మనలను జూచి భయపడుట నేర్చుకొని బీరువా చాటున తడుపును. భయపడిన కుక్కయే గఱచును. పాలపండ్లు 4వ నెలనుండి యూడి 7వ నెలకు క్రొత్తవి వచ్చును. ఆ కాలమున చెప్పులు, చాపలు కొఱుకును. తిట్టక, కొఱుకదగిన బొమ్మనో, తడిపి ముడివేసిన బట్టనో నోటికందీయవలెను.

3 మొదలు 14 వారముల వయస్సున జూచినదానిని, విన్నదానిని కుక్క భయము లేక స్వీకరించును. టీకాలు ముగియలేదని చీకటిగదిలో నుంచరాదు. చేతులలో నెత్తుకొని వీధి చూపవలెను. కుక్కరు కూత, గుడిగంట, ఆటోల చప్పుడు, చంటిబిడ్డ యేడుపు, అన్నియు మెల్లగా నలవాటు చేయవలెను.

వేసవి:— సూర్యోదయమునకు ముందును, నేల చల్లారిన పిమ్మటను మాత్రమే నడిపింపవలెను. నీరెల్లప్పుడు నీడలో నుంచవలెను. రోమము గొఱిగింపరాదు, అది యెండనుండి చర్మమును గాపాడును. మిక్కిలి యొగర్చుచు, చొంగ గార్చుచు, తూలుచున్నచో ఎండదెబ్బ యని యెఱిగి, నీడకు జేర్చి, చల్లని నీరు పోసి, విసరుచు, వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. చెవులలో, వ్రేళ్ల సందుల పిడుదులున్నవేమో దినదినము వెదకవలెను. వానివలన ప్రాణాంతకమైన జ్వరములు వచ్చును. ఈ జాతికి తుంటికీళ్ల జబ్బు తఱచు. నున్నని బండలపై జాఱకుండ పట్టాలు పఱచి, లేబ్రాయమున మెట్లపైనుండి దూకకుండ జూడవలెను.

సోదరీమణులారా! మన యిండ్లలో ప్రేమకు గొఱతలేదు, కొలతయే కావలెను. కొలచి పెట్టిన యన్నము, తేదీ తప్పని టీకా, కొట్టని చేయి, ఈ మూడును గలిగిన యింట నీ మూగజీవి నిండుగా బ్రదుకును. దానిని జూచి మన బిడ్డలును తమకంటె బలహీనమైన ప్రాణిని గాపాడుట యెట్లో నేర్చుకొందురు.